ముందే తీసి పెట్టుకున్న నవ్వు

"కుచ్చిళ్ళు ఏడొస్తాయా, ఐదేనా?" అని అడిగాడు మా ఆయన, చేతులు రెండూ గాల్లోకెత్తి నిలబడి.

నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న. అది నడుముని బట్టి ఉంటుందండీ అని నాలుగేళ్ళుగా ఇదే జవాబు. మొదట్లో ఏడొచ్చేవి. సీరియల్లో వేషం దొరికాక పొట్టొచ్చింది, ఇప్పుడు ఐదు కూడా కష్టమే. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కాళ్ళ దగ్గర చీర అంచు సమంగా లాగుతున్నాను. బీచ్ రోడ్డులో ఒక ఆడిటోరియం, దాని వెనకాల మేకప్ గది. ఏసీ గాలి ఆయన మొహం వైపు తిప్పి ఉంది, మేకప్ కరగకూడదు కదా. మా అమ్మాయి యశస్విని, పద్నాలుగేళ్ళది, పిన్నుల డబ్బా పట్టుకుని నా పక్కన నిలబడింది. సాయంత్రం ఆరింటికి టీవీ వాళ్ళ వైజాగ్ స్పెషల్. మా ఆయన పేరు కామరాజు. ఆ పేరు చెబితే ఎవరికీ తెలీదు. అసిరమ్మ అంటే రెండు రాష్ట్రాలకీ తెలుసు. కామెడీ షోలో ఆడవేషం వేసే అసిరమ్మ, సీరియల్లో నోరున్న పనిమనిషి అసిరమ్మ, ఆ రెండూ ఈయనే. ఆ అసిరమ్మకి చీర కట్టేది నేను. అసిరమ్మ మాట్లాడే మాటలు కూడా నావే. ఈ రెండో దానికి మాత్రం ఎక్కడా నా పేరుండదు.

మా పెళ్ళయిన కొత్తలో ఈయన పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా. శనాదివారాలు ఒక కాఫీ షాపులో స్టాండప్ కామెడీ అని మైకు పట్టుకునేవాడు. ఆఫీసరు మీద జోకులు, ట్రాఫిక్ మీద జోకులు. ఒక్కడు నవ్వితే ఒట్టు. నేను వెనక బల్ల దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వేదాన్ని. నవ్వొచ్చి కాదు, పాపం అనిపించి. ఒక ఆదివారం పొద్దున్న అన్నం సగం ఉడికాక గ్యాస్ అయిపోయింది. బుక్ చెయ్యండి మహాప్రభో అని నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నాను. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటండీ, నాను సెప్పీది మీ సెవుల్లోకి ఎల్తందా నేదా? బండ నేకపోతే ఏటి, పొయ్యి మీద నాను కూకుంటాను, నన్నే ఎలిగించీసుకోండి!" అని అరిచాను. ఆయన పేపరు దించి నా మొహంలోకి చూశాడు. పెళ్ళయ్యాక నన్ను అంత శ్రద్ధగా చూడ్డం అదే మొదటిసారి. సాయంత్రం కాఫీ షాపులో తువ్వాలు నెత్తి మీద కొంగులా వేసుకుని అదే మాట అదే గొంతుతో అన్నాడు. జనం కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. గ్యాస్ మాత్రం మర్నాడు నేనే బుక్ చేసుకున్నాను.

అంతే, ఆయన దశ తిరిగింది. మా అత్తారిది కాకినాడ వైపు. మామగారు పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. కాపరానికొచ్చిన కొత్తలో మా అత్త నా మాట విని, "చుట్టాల ముందు ఆ మాటతీరు కాస్త తగ్గించుకోమ్మా, కూలోళ్ళనుకుంటారు" అనేది. తగ్గించాను. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికాక ఇంకా తగ్గించాను. కోపం వచ్చినప్పుడే మా ఊరు బయటికొస్తుంది. ఇప్పుడు అదే అత్త పక్కింటివాళ్ళని కూర్చోబెట్టుకుని, "మావాడు ఆ యాస ఎంత బాగా పట్టాడో చూశారా! పుట్టుకతోనే వచ్చింది వాడికి" అంటుంది. పోయినేడు ఉత్తమ హాస్యనటుడని అవార్డిచ్చారు. స్టేజీ మీద డైరెక్టరుకీ, మేకప్ మనిషికీ, దేవుడికీ, వాళ్ళమ్మకీ దణ్ణాలు పెట్టి, చివర్లో "నన్ను భరిస్తున్న మా ఆవిడకి" అన్నాడు. భరించడం సరేనండీ, ఆ మాటలన్నీ ఎవరివి?

మా ఇంట్లో నాకు కోపం తెచ్చుకునే యోగం లేదు. నేను గొంతు పెంచితే ఆయన కళ్ళు మెరుస్తాయి. "ఆగాగు, ఆ మాట మళ్ళీ అను" అంటూ ఫోను తీస్తాడు. మళ్ళీ అంటానా? అనను. అనకపోతే ఇంకో నాలుగు రోజులాగి, తడి తువ్వాలు మంచం మీద పడేసో, మా వాళ్ళనేదో ఒక మాటనో, అనేలా చేస్తాడు. ఎపిసోడుకి ఏమీ దొరకని వారం మా ఇంట్లో గొడవ ఖాయం. ఒకసారి నిజంగానే ఏడుస్తూ, "నన్ను మనిషిలా చూడండి" అంటే, "మనిషిలానే చూస్తున్నానే, అందుకే జనానికి అంత నచ్చుతోంది" అన్నాడు. యశస్విని అయితే స్కూల్లో ఏం జరిగినా ఇంట్లో చెప్పడం మానేసింది. ఒకరోజు నేను కూరగిన్నె విసిరేయబోతుంటే గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇప్పుడు కోప్పడకు. నాన్న వాడేస్తాడు" అంది. పిల్ల ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నాకు కోపం కూడా చల్లారిపోయింది.

బయట మాత్రం తక్కువా? కోచింగ్ సెంటర్లో మా డైరెక్టరు శివరామకృష్ణ గారు అడ్మిషన్‌కి వచ్చిన తల్లిదండ్రులకి నన్ను చూపించి, "ఈవిడెవరో తెలుసా? ఒరిజినల్ అసిరమ్మ! మేడమ్, ఒక్క డైలాగ్" అంటారు. పదమూడేళ్ళ అనుభవం ఉంది నాకు. ఫీజు కట్టలేని పిల్లల అప్లికేషన్లు నేను పట్టుకెళ్తే ఆయన తల కూడా ఎత్తరు, డైలాగ్ కావాలంటే మాత్రం కుర్చీలోంచి లేచొస్తారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకి వెళ్తే నేను బేరమాడతానేమోనని నలుగురు చుట్టూ మూగుతారు. అందుకని చెప్పిన ధరకే కొనుక్కుని వచ్చేస్తున్నాను. వన్ టౌన్‌లో మా టైలరు దగ్గర మా ఆయన జాకెట్లు కుట్టేది నా కొలతల మీదే, భుజం దగ్గర రెండంగుళాలు వదులు పెట్టి. కొలతలు కూడా నావే చూడండి.

ఇవన్నీ ఎలాగో మింగాను. మింగలేనిది మా అమ్మ సంగతి.

మా అమ్మ పేరు జోగమ్మ. గరివిడి దగ్గర మా ఊరు. ఉన్న ముక్క పొలమూ చేసుకుంటూ, కూలికీ వెళ్తూ నన్ను డిగ్రీ దాకా చదివించింది. జీవితమంతా ఉత్త కాళ్ళతోనే నడిచింది. నా మొదటి జీతంతో చెప్పులు కొని పట్టుకెళ్ళాను. నేను చూస్తున్నంతసేపూ వేసుకుని, వీధి మలుపు తిరగ్గానే విప్పి చేత్తో పట్టుకునేది. ఓసారి వెనకాలే వెళ్ళి పట్టేసుకున్నాను. "ఏటమ్మా ఇది, అరగడానికే కదా కొన్నాను" అంటే, "నీ కట్టం నా కాళ్ళకింద ఎట్టుకోమంతావేటే" అంది. పోయిన సంవత్సరం ఇవే రోజుల్లో, గోగుచేలోంచి వచ్చి అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది.

మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళతో మాట్లాడుతూ, రాగం తీసి ఏడుస్తారు. బతికుండగా చెప్పుకోలేనివన్నీ ఆ ఒక్క పూటా చెప్పేసుకుంటారు. నాకు అది వచ్చని కూడా నాకు తెలీదు. అమ్మ కాళ్ళు చూడగానే నోట్లోంచి అదే వచ్చేసింది. "ఓలమ్మా, మాయమ్మా, సెప్పులు కొన్నాను గదే అమ్మా... అరిగిపోతాయని సేత్తో అట్టుకుని నడిసినావు గదే అమ్మా... ఇప్పుడు ఉట్టికాళ్ళతోటి ఏ దారంట ఎల్లిపోనావే అమ్మా..." అని ఎంతసేపు ఏడ్చానో నాకే గుర్తులేదు. షామియానా కింద మా ఆయన ఫోను పట్టుకుని కూర్చున్నాడు. చుట్టాలకి కబుర్లు పెడుతున్నాడనుకున్నాను. అల్లుడంటే ఇలా ఉండాలని కూడా అనుకున్నాను. నా తలకాయ.

పోయిన నెల హైదరాబాద్‌లో వాళ్ళ కామెడీ షోకి ఫ్యామిలీ స్పెషల్ అన్నారు, భార్యా పిల్లలూ రావాలన్నారు. పొద్దున్నే మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. స్టేజీ మీద ఎవరూ లేరు, లైట్లు సర్దుకుంటున్నారు. ఫ్లోర్ మేనేజర్ వీరేంద్ర వచ్చి, "మేడమ్, నవ్వండి. ఇంకొంచెం. ఇప్పుడు పొట్ట పట్టుకుని. ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటూ. పక్కావిడ భుజం మీద కొట్టండి, అదీ!" అన్నాడు. వింతగా ఉంది గానీ అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం పదిహేనేళ్ళుగా అలవాటే కదా. అరగంటలో అయిపోయింది. స్కిట్లు మొదలయ్యేసరికి సాయంత్రం అవుతుందన్నారు. పిల్లకి మర్నాడు పరీక్ష ఉందని మేం మధ్యాహ్నం రైలుకే వచ్చేశాం.

పదకొండు రోజుల క్రితం ఆ ఎపిసోడ్ వేశారు. అత్తా, నేనూ, యశస్వినీ సోఫాలో కూర్చుని చూస్తున్నాం. తెర మీద చావిల్లు. అసిరమ్మ జుట్టు విరబోసుకుని, చేత్తో చెప్పులు పట్టుకుని గుండెలు బాదుకుంటోంది. "సెప్పులు కొన్నాను గదే అమ్మా..." ఒక్క మాట తేడా లేదు. ఆ రోజు ఏడుస్తుంటే మధ్యలో నాకు పొలమారి దగ్గొచ్చింది, ఆ దగ్గు కూడా వదల్లేదు. జనం చప్పట్లు. వెంటనే తెర మీద నేను. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. మళ్ళీ అసిరమ్మ, "ఉట్టికాళ్ళతోటి ఎల్లిపోనావే అమ్మా". మళ్ళీ నేను, కళ్ళు తుడుచుకుంటూ, పక్కావిడ భుజం మీద కొడుతూ. మా అమ్మ చావుకి నేను అంత నవ్వు నవ్వాను. రిమోట్ ఎక్కడుందో కనబడక టీవీ ప్లగ్గు పీకేశాను. "అయ్యో, పోయినావిడకేం తెలుస్తుందే, వాడి పొట్టకూడు కదా" అంది మా అత్త.

నిజం చెప్పాలంటే, అది నవ్వొచ్చే సంగతే. మా అమ్మ బతికుంటే తన చెప్పుల కథకి అందరికంటే ముందు తనే నవ్వేది. కానీ ఆ పూట ఎవరూ నవ్వలేదు. నేను ఏడ్చాను. ఆ ఏడుపు మా అమ్మకీ నాకూ మధ్యది.

పావుగంటలో మా అన్న తవిటయ్య ఫోను చేశాడు. "టీవీ సూసినామే సెల్లీ. బావంటే పరాయోడు, ఆడి బుద్ది ఆడిది. నువ్వెందుకు నవ్వినావే?"

"అన్నాయ్, అది పొద్దున్న వేరేగా తీసినారు. అప్పటికి ఆ స్కిట్టే నేదు."

"నవ్వింది నువ్వు కాదేటి?"

"నానే. కానీ దానికి కాదు."

"మరి దేనికి నవ్వినావే?"

ఏం చెప్పను? ఎవరో నవ్వమన్నారని, ఎదురుగా ఏమీ లేకుండానే కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వానంటే మా అన్న నమ్ముతాడా? నాకే నమ్మబుద్ధి కావట్లేదు. "సంవత్సరీకానికి నువ్వు రాపోయినా పరవాలేదే. ఊరోళ్ళందరూ సూసినారు. నీకూ తలవొంపులు, మాకూ తలవొంపులు" అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సంవత్సరీకం రేపే. ఉన్న ఒక్క కూతుర్ని నేను, నన్ను రావద్దన్నారు.

ఈయనతో చెబితే ఏమన్నాడు? "ఎడిటింగ్ నా చేతిలో ఉంటుందేంటే? అయినా మీ అమ్మని ఊరూరా తెలిసేలా చేశాను, సంతోషించక. నీకు సెన్సాఫ్ హ్యూమర్ లేదే, అదే నీ ప్రాబ్లెం." ఫోనులో రికార్డు చేశారా అని నిలదీస్తే, "ఆర్టిస్టు అన్నాక అన్నీ గమనిస్తాడు" అన్నాడు. గమనించడమట! నేను మాట్లాడ్డం మానేశాను. ఆయన గమనించలేదు.

మరి ఇవాళ చీర ఎందుకు కడుతున్నావే అని ఎవరైనా అడగొచ్చు. కట్టనంటే దాని మీదో స్కిట్టు వస్తుంది, 'అసిరమ్మ అలిగింది' అని. అరిస్తే స్కిట్టు, ఊరుకుంటే స్కిట్టు. విసుగెత్తి పోయి మొక్కుబడిగా వచ్చాను. మా అత్త అప్పటికే పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

"పిన్ను" అన్నాను చెయ్యి చాపి. పిన్ను రాలేదు. తలెత్తి చూస్తే యశస్విని గోడవారగా ఉన్న బల్ల వైపు చూస్తోంది. ఆ బల్ల మీద స్కిట్టుకి కావలసిన సామాన్లన్నీ సర్ది ఉన్నాయి. చీపురు, ఇత్తడి చెంబు, విగ్గు. విగ్గు పక్కన ఒక జత చెప్పులు. గోధుమరంగువి, పట్టీ మీద చిన్న పువ్వు. అమ్మ పోయాక మా వదిన నా చేతిలో పెడితే, పేపర్లో చుట్టి బీరువా పై అరలో, నా చీరల కింద దాచుకున్నవి.

"అవి ఇక్కడికెలా వచ్చాయి?" అన్నాను.

"ఏవి? ఆ చెప్పులా? నేనే తెచ్చాను" అన్నాడు, అద్దంలో బొట్టు చూసుకుంటూ. "పోయినసారి కొత్త చెప్పులు వాడాం, అంత పండలేదు. ఇవాళ మళ్ళీ అదే బిట్టు అడుగుతున్నారు. ఒరిజినల్ అయితే ఆ ఫీలే వేరు. కానీ కానీ, టైమవుతోంది."

నాకు అరుపు గొంతు దాకా వచ్చింది. యశస్విని నా భుజం మీద చెయ్యి వేసింది. అదే సమయానికి తలుపు తోసుకుని వీరేంద్ర వచ్చాడు. "మేడమ్, కెమెరాలు రెడీ. ముందు మీ నవ్వులు తీసేద్దాం, రండి."

కుచ్చిళ్ళు ఎడమ చేతిలో ఉన్నాయి. కుడి చేత్తో నేల మీదున్న నా ఫోను తీసి, రికార్డింగ్ నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. మొగుడి దగ్గర నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

"వీరేంద్ర గారూ, ఇంకా షో మొదలవలేదు కదా. దేనికి నవ్వాలి?"

వీరేంద్ర నవ్వాడు. "దేనికీ కాదు మేడమ్. హైదరాబాద్‌లో తీశాం కదా, అలాగే. అప్పుడు మాత్రం స్కిట్లు అయ్యాయా ఏంటి? మీరు నవ్వేసి రైలెక్కేశారు. తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ మేం అతికించుకున్నాం."

"మా అమ్మ చావు దగ్గర అతికించారు."

వీరేంద్ర మొహంలో నవ్వు పోయింది. "అది... నాకు తెలీదు మేడమ్. ఎడిటింగ్ వాళ్ళు... సారు కూడా చూసి ఓకే అన్నారు కదా."

అద్దంలో మా ఆయన చెయ్యి బొట్టు దగ్గర ఆగిపోయింది. ఎడిటింగ్ తన చేతిలో లేదన్నాడు కదా, ఆయన.

నేను రికార్డింగ్ ఆపాను. లేచి నిలబడి, ఐదు కుచ్చిళ్ళూ ఆయన చేతిలో పెట్టాను. "గట్టిగా పట్టుకోండి. వదిలితే మొత్తం ఊడిపోతుంది" అన్నాను.

"ఎక్కడికి?"

బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పులు తీసుకుని బయటికి నడిచాను. దీన్ని కూడా స్కిట్టు చేస్తాడని తెలుసు. చేసుకోనీ. చీర ఎవరు కడతారో ముందు అది చూసుకోమనండి. వెనకాల టక్కున చప్పుడైంది, యశస్విని పిన్నుల డబ్బా బల్ల మీద పెట్టేసి నా వెనకాలే వచ్చేస్తోంది.

ఆడిటోరియం మెట్ల మీద నిలబడి ఆ రికార్డింగ్ మా అన్నకి వాట్సాప్‌లో పంపాను. ఏమీ రాయలేదు. బీచ్ వైపు నుంచి గాలి కొడుతోంది, గేటు దగ్గర అసిరమ్మ బొమ్మున్న బ్యానరు పటపటలాడుతోంది. విన్నట్టు గుర్తు పడింది. యశస్విని నా మొహమే చూస్తోంది. ఆఖరికి అన్న వాయిస్ మెసేజ్ వచ్చింది, గొంతు బొంగురుగా ఉంది. "ఏ బస్సుకొత్తన్నావే? గరివిడి స్టాండు కాడ ఉంతాను."

అప్పుడు చూసుకున్నాను, చెప్పులు ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాను, అచ్చం అమ్మలాగే. కింద పెట్టాను. నావి విప్పి యశస్విని సంచిలో పడేసి, అమ్మవి తొడుక్కున్నాను. నాకు సరిగ్గా సరిపోయాయి. అలవాటు లేని చెప్పులు కదా, రెండడుగులు వేసేసరికి మడమ దగ్గర కరిచాయి. కరవనీ అనుకుని బస్ కాంప్లెక్స్‌కి వెళ్ళే ఆటో ఆపాను.

ఆటో ఎక్కుతుంటే ఫోను మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నావే? ఈ కుచ్చిళ్ళు పట్టుకుని ఎంతసేపు నిలబడాలి? ఆ చెప్పులు కూడా కనబడట్లేదు, ఎక్కడున్నాయి?"

"నా కాళ్ళకున్నాయండీ" అన్నాను.